చారులో చేప

కువైట్

ఒరేయ్ సాయిరామ్,

కార్తీకంలో నీచు ముట్టకూడదన్న నా నియమం చెడగొట్టానని, ఇక మొహం చూపించలేనని రాశావు. తప్పు. నువ్వు తెలియక పెట్టావు, నేను తెలియక తాగాను.

మిర్కాబ్‌లో నువ్వు పనిచేసే జపాను హోటలుకి కొత్తగా వచ్చేవాళ్ళకి ఏం పెట్టాలో రుచిచూసి చెప్పమన్నావు. పులియబెట్టిన సోయా ముద్దతో కాసే ఆ మిసో చారు రెండోసారి అడిగి పోయించుకున్నది నేనేగా! అందులో ఎండుచేప మరిగిస్తారని తర్వాత తెలిసి, దాచకుండా చెప్పావు. అదే నాకు చాలు. తలస్నానం చేసి దీపం పెట్టాను. శివుడేమీ అనలేదు. నువ్వు ఇంటికి రావడం మానేస్తే మాత్రం నేను అంటాను.

వచ్చేవాళ్ళకి ముందు ఆ చారే పెట్టు, చేప సంగతి చెప్పి పెట్టు.

శుక్రవారం వస్తూ ఎండబెట్టిన సముద్రపు నాచు తీసుకురా. చేప బదులు అది వేసి ఆ చారు నువ్వే కాయాలి. నేను పక్కన కూచుని వంకలు పెడతాను.

మీ మామ్మ