కుట్లు విప్పిన ముఖమల్ చొక్కా

న్యూ మెక్సికో
నవంబరు 9, 1980

ప్రియమైన జయంతికి,

నీ పద్మిని నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. మీరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. కృష్ణమోహన్ గారికి నా నమస్కారాలు చెప్పు. ఫ్రీమాంట్‌లో మీ గృహప్రవేశం బాగా జరిగిందనీ, పులిహోర చాలక మళ్ళీ కలిపారనీ ఉష ఆంటీ ఫోన్‌లో చెప్పింది. నేను రానందుకు నీకు కోపం వచ్చింది. రావాలి కూడా. టికెట్ కొనుక్కుని, నీకోసం తీసిపెట్టిన చీర సూట్‌కేసులో సర్దుకుని, తీరా ముందురోజు క్యాన్సిల్ చేశాను. ఎవరో పేషెంటు కోసమా అని నువ్వు అడిగితే, అవునని ఫోన్ పెట్టేశాను. ఆ ఒక్క ముక్కతో సరిపోయేది కాదు కనుక ఈ ఉత్తరం.

మా హాస్పిటల్‌కు వచ్చేవాళ్ళు దాదాపు అందరూ నవహోలు. ఈ దేశంలో మొదటినుంచీ ఉన్నవాళ్ళు, ఇక్కడ ఇండియన్లంటే వాళ్ళే. వచ్చిన కొత్తలో నేను ఇండియన్ డాక్టర్ని అని చెబితే, ఏ తెగ అని అడిగేవారు. గుంటూరు అని చెప్పేదాన్ని. అది ఎటువైపు అని మర్యాదగా కనుక్కుని, తల పంకించేవారు. పెద్దవాళ్ళకు ఇంగ్లీషు రాదు. నా మాట వాళ్ళకూ వాళ్ళ మాట నాకూ చేర్చే దుబాసీ లొరెయిన్. ముప్పై దాటిన పిల్ల. బెల్‌బాటమ్ జీన్స్, గళ్ళ చొక్కా, భుజాల దాకా కత్తిరించిన జుట్టు. పక్కన నిలబడి, తనదంటూ ఒక్క మాట కలపకుండా, రెండువైపులా అందిస్తుంది. నాలుగేళ్ళుగా నా గొంతు ఆమే అనుకో.

మొన్న ఎండాకాలంలో ఆమె వాళ్ళ నాన్నను తీసుకొచ్చింది. ఆయన పేరు హాస్కీ. పొడుగాటి మనిషి, మాట తక్కువ. సిగరెట్ ఎరగడు. అయినా ఊపిరితిత్తుల నిండా క్యాన్సర్. వయసులో ఉండగా పదిహేనేళ్ళు ఆ కొండల్లో యురేనియం గనిలో పనిచేశాడు. ఆల్బకర్కీలో పెద్దాసుపత్రికి పంపించాను. రేడియేషన్ కరెంటు పెట్టి, చేయగలిగింది అంతేనని తిప్పి పంపారు. మిగిలింది నొప్పి తగ్గించడం. అది కూడా సగమే తగ్గేది.

ఆయనను నొప్పికంటే ఎక్కువ బాధపెట్టింది హాస్పిటల్ గౌను. వెనకాల తెరిచి ఉంటుంది కదా, నాడాలు కట్టుకున్నా నిలవదు. ఆయన మంచం దిగేవాడు కాదు. కూతురి ఎదుట వీపు కనబడుతుందని, ఆమె వచ్చినంతసేపూ గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఒకరోజు భార్య డెజ్బా ఇంటినుంచి ఆయన ముఖమల్ చొక్కా తెచ్చింది. ముదురు మెరూన్ రంగు, మెడ దగ్గర వెండి గుండీలు. ఇన్ఫెక్షన్ అనీ రూల్స్ అనీ హెడ్ నర్సు అభ్యంతరం చెప్పింది. ఈ చొక్కా వల్ల ఆయనకు కొత్తగా వచ్చే జబ్బేమిటో చెప్పమని నేను అడిగాను. ఆమె ఊరుకుంది. నేను గెలిచింది ఆ ఒక్కసారే.

చొక్కా వేసుకోగానే మనిషి మారిపోయాడు జయంతీ. కారిడార్‌లో నడిచాడు. కానీ అది ఆయన ఒళ్ళు నిండుగా ఉన్న రోజుల్లో కుట్టినది, భుజాలమీంచి జారిపోయింది. డెజ్బా మంచం పక్కన కూర్చుని, సూదీ దారం తీసి పక్క కుట్లు లోపలికి వేసింది. కొన్నాళ్ళకు మళ్ళీ వదులైంది. మళ్ళీ వేసింది. నేను రౌండ్స్‌కు వెళ్ళినప్పుడల్లా ఆయన బరువు చార్టు చూడనక్కర్లేదు, ఆమె ఒళ్ళో చొక్కా ఉందా లేదా అని చూస్తే చాలు.

ఆమె కట్టు నీకు చెప్పాలి. నేలకు తగిలే కుచ్చుల లంగా, పైన ముఖమల్ రవిక, మెడలో నీలిరాళ్ళ దండలు. అచ్చం పండక్కి తయారైన మన పెద్దమ్మల్లా ఉంటుంది. మీ వాళ్ళు మొదటినుంచీ ఇలాగే కట్టుకునేవారా అని నేను ఒకరోజు లొరెయిన్ చేత అడిగించాను. డెజ్బా దారం తెంపి నవ్వింది.

వాళ్ళ అమ్మమ్మ చిన్నతనంలో సొంత గొర్రెల ఉన్నితో నేసిన రెండు నల్లటి దుప్పటి ముక్కలను భుజాల దగ్గర కలిపి కుట్టి, నడుముకు పట్టీ కట్టుకునేవారట. అంచులు ఎర్రగా ఉండేవట. గొర్రెలు రాకముందు జింకతోలు. తరవాత సోల్జర్లు వచ్చి, పంటలు తగలబెట్టి, అందరినీ కాలినడకన ఎక్కడికో దూరపు మైదానానికి తోలుకుపోయారు. నాలుగేళ్ళు అక్కడే బందీలు. గొర్రెల్లేవు, మగ్గాల్లేవు. ఒంటిమీదవి చిరిగిపోతే సోల్జర్లు అద్దకం బట్ట ఇచ్చారు. ఆఫీసర్ల భార్యలు తొడుక్కున్న కుచ్చుల లంగాలు చూసి, వీళ్ళూ అలాగే కుట్టుకున్నారు. రైలు వచ్చాక ముఖమల్ వచ్చింది. ఇప్పుడు టూరిస్టులు కారాపి, ప్రాచీన వేషం అంటూ మమ్మల్ని ఫోటో తీసుకుంటారు, అది మేము ఖైదులో నేర్చుకున్న కుట్టు అని చెప్పింది డెజ్బా. చెబుతూ నవ్వుతూనే ఉంది.

తనను చిన్నప్పుడు సర్కారు హాస్టల్ బడికి తీసుకెళ్ళి, వాళ్ళమ్మ కుట్టిన బట్టలు విప్పించి, పెరట్లో కుప్ప పోసి కిరసనాయిలు పోశారట. బూడిదరంగు గౌను, కాళ్ళు కరిచే బూట్లు ఇచ్చారట. ఇంటికి తిరిగొచ్చిన రోజునే మళ్ళీ ముఖమల్ తొడుక్కుందట, అక్కడ నేర్పిన ఇంగ్లీషు ముక్కలూ మరిచిపోయిందట. లొరెయిన్ కూడా ఆ బడికే వెళ్ళింది. ఆమె మాత్రం తిరిగొచ్చాక తొడుక్కోలేదు. తల్లి ఆ మాట అంటే లొరెయిన్ ముఖంలో ఏ మార్పూ లేకుండా ఇంగ్లీషులో నాకు చెప్పింది. ఆ తరవాత, ఇది అమ్మ మాట, జీన్స్ సంగతిలో నా మాట వేరు, లంగాతో కారు టైరు మార్చి చూడమనండి అని చేర్చి, అదే వాళ్ళ భాషలోనూ చెప్పింది. నాలుగేళ్ళలో ఆమె తనంతట తాను కలిపిన మొదటి మాట అదే. ముగ్గురం నవ్వాం. హాస్కీ కూడా, దగ్గొచ్చేదాకా.

నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. చచ్చేదాకా రవిక వేసుకోలేదు ఆవిడ. నీకు జ్ఞాపకం ఉందో లేదో, మన మెడికల్ కాలేజీ హాస్టల్‌కు వచ్చినప్పుడు మనమే సిగ్గుపడి శాలువా కప్పాం.

తరవాత ఒకరోజు డెజ్బా నన్ను ఒక ప్రశ్న అడిగింది. గనిలో వాళ్ళకు టోపీ, దీపం ఇచ్చేవారు. బట్టలివ్వలేదు. ఇంటినుంచి వేసుకెళ్ళిన జీన్స్‌తోనే లోపలికి దిగి, వాటితోనే ఇంటికి వచ్చేవారు. మడతల్లో, జేబుల్లో, కనురెప్పల మీద పసుపుపచ్చటి దుమ్ము. వాళ్ళు ప్రార్థనలో చల్లుకునే మొక్కజొన్న పుప్పొడి అదే రంగులో ఉంటుంది. అందుకని ఆమెకు ఆ దుమ్మంటే అసహ్యం కలగలేదట. నీళ్ళు చాలా దూరంనుంచి పీపాల్లో తెచ్చుకోవాలి. కాబట్టి ఆయన బట్టలూ పిల్లల బట్టలూ ఒకే తొట్టిలో నానబెట్టి ఉతికేది. కడుపుతో ఉన్నప్పుడూ ఉతికింది. ఆ తరవాత పుట్టిన ఇద్దరు దక్కలేదు. ఆమె ఇదంతా సూదివైపు చూస్తూ చెప్పి, చివర తలెత్తి అడిగింది. నేను ఉతికినందువల్లా ఇదంతా?

నేనేం చెప్పను? గనిలోకి దిగినవాళ్ళ గురించైతే కాస్త తెలుసు. ఉతికినవాళ్ళ గురించి ఎవరూ చూడలేదు, ఎవరూ రాయలేదు. కంపెనీ మనిషి ఒకడు మీటింగుకు వచ్చి, పొగ తాగడం తగ్గిస్తే ఆరోగ్యం బాగుంటుందని చెప్పి వెళ్ళాడు. వాషింగ్టన్ దాకా ఫోన్లు చేశాను. ఒకరు ఇంకొకరి నంబరు ఇచ్చారు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. ఆ దుమ్ము మంచిది కాదనీ, బట్టలద్వారా చెరుపు చేసి ఉండొచ్చనీ, ఎంతో తనకు తెలియదనీ, ఎవరూ హెచ్చరించనప్పుడు తప్పు మీది కాదనీ డాక్టరు అంటోందని చెప్పమన్నాను. లొరెయిన్ చాలాసేపు చెప్పింది. డెజ్బా విని, నా చెయ్యి తీసుకుని ఒళ్ళో ఉన్న ముఖమల్ మీద పెట్టుకుని అలాగే కూర్చుంది. ఆమె ముఖం ఎంత తేలికపడిందో! నిజాన్ని కూడా మెత్తగా చెప్పవచ్చన్నమాట అనుకున్నాను. కొంచెం గర్వం కూడా కలిగింది.

నా ప్రయాణానికి ముందురోజు మధ్యాహ్నం ఆయన పోయాడు. ఇకమీద ఆయన పేరు రాయను. పోయినవాళ్ళ పేరు పలకడం వాళ్ళలో పనికిరాదు. వాళ్ళు శవాన్ని ముట్టుకోవడానికి కూడా భయపడతారు. వీలైతే బయటివాళ్ళనే అడుగుతారు. లొరెయిన్ నా గదికి వచ్చి తలుపు దగ్గరే నిలబడి, నాన్నకు ఆ చొక్కా మీరు తొడుగుతారా అని అడిగింది. అమ్మ మిమ్మల్నే అడగమంది అని చెప్పింది. అప్పుడే ఎయిర్‌లైన్స్‌కు ఫోన్ చేసి టికెట్ క్యాన్సిల్ చేశాను.

తలుపు మూసుకుని ఒక్కదాన్నే తొడగడానికి ప్రయత్నించాను. ఎక్కలేదు జయంతీ. చివరి వారంలో నీరు పట్టి ఆయన మెడ, చేతులు ఉబ్బిపోయాయి. చొక్కా ఏమో ఎముకల గూడుకు సరిపోయేలా అయిపోయింది. ఎన్ని విధాల చూసినా చెయ్యి దూరలేదు. కత్తెర తీసుకుని, ఆమె వేసిన కుట్లు ఒక్కొక్క వరసే విప్పాను. చివరి వారంవి, దాని ముందువి, అంతకు ముందువి. ఒక్కొక్క వరస విప్పినప్పుడల్లా లోపల దాచుకున్న ముఖమల్ వెలిసిపోని రంగుతో బయటపడింది. అన్నీ విప్పాక కూడా పట్టక, వీపు కుట్టు కూడా విప్పి తొడిగితే అక్కడ అంచులు కలవలేదు. మా సర్జరీ వార్డు నల్ల పట్టుదారంతోనే వాటిని దగ్గరకు లాగి కుట్టాను. గుండీలు పెట్టి, జుట్టు దువ్వి, నుదుటిమీద చెయ్యి వేశాను. మన వాళ్ళకు చెప్పే మంత్రమేదో నోట్లోకి వచ్చి ఆగిపోయింది. ఆయనకు అర్థం కాదు కదా అనిపించింది. దుబాసీ తలుపు బయట ఉంది.

డాక్టరుగా ఆయనకు నేను చేసిన పని ఏమిటని ఎవరైనా అడిగితే, బట్టలు తొడిగాను అని చెప్పాలి. కోపం తగ్గించుకో. ఇల్లు చూడటానికి ఎప్పుడో వస్తాను. నీ కోసం కొన్న చీర ఇంకా సూట్‌కేసులోనే ఉంది, తీయబుద్ధి కాలేదు.

నీ
పద్మిని

తా.క.: కవరు అంటించాక మళ్ళీ చించాను. ఇవాళ లొరెయిన్ మా ఇంటికి వచ్చింది. ఆరోజు నేను అన్న మాట తల్లికి చెప్పలేదట. నీళ్ళలో పడితే దుమ్ము చచ్చిపోతుందనీ, ఉతకడంవల్ల ఎవరికీ ఏమీ కాదనీ డాక్టరు ఒట్టేసి చెబుతోందని చెప్పిందట. డెజ్బా నా చెయ్యి పట్టుకున్నది ఆ మాటకు. నేను తప్పు చేశానా డాక్టర్ అని లొరెయిన్ అడిగితే, కుర్చీ లాగి కూర్చోమన్నాను. అప్పుడు చెప్పింది. చిన్నప్పుడు, ఉతికే ముందు నాన్న బట్టలు దులపడం తన పనట. ఆడుకుంటున్నట్టు గోడకేసి కొట్టి దులిపేదట. ఎండాకాలంనుంచీ తనకూ దగ్గు ఉందట. రోజంతా నా పక్కనే నిలబడే మనిషి దగ్గు నా చెవిన పడలేదు జయంతీ. వెంటనే హాస్పిటల్‌కు తీసుకెళ్ళి ఛాతీ ఎక్స్‌రే ఫిల్ము తీయించాను. రోజూ ఫిల్ములు చదివే రేడియాలజిస్టువి కనుక నీకు వేరే పార్సిల్లో పంపిస్తున్నాను. కుడివైపు, పైభాగం చూడు. నేను చూసిన మచ్చ నీకూ కనబడితే ఫోన్ చెయ్యి. నాది పొరపాటు చూపు అయితే ఇంకా ముందే చెయ్యి. రేపు పొద్దున్న ఆమె డ్యూటీకి వస్తుంది, ఏం కనబడిందని అడుగుతుంది. చెప్పడానికి మా ఇద్దరి మధ్యా దుబాసీ ఎవరూ ఉండరు.