నా మీద నేనే పాడిన పాట

మే 11

ఇన్సూరెన్స్ వాళ్ళు కుదరదన్నారు. కారణం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాలు పొడవు పెంచే ఆపరేషన్ అందం కోసం చేయించుకునేదట.

నా ఎడమ కాలు కుడి కాలి కంటే ఐదు సెంటీమీటర్లు పొట్టి. చిన్నప్పుడు మెట్ల మీంచి పడితే ఎముక విరిగింది. విరిగిన చోట అతుక్కుంది గానీ ఎదగడం మానేసింది. ఇప్పుడు వెన్ను వంకర తిరుగుతోందట. ఇంకా ఆలస్యం చేస్తే తుంటి కీలు పోతుందని డాక్టర్ ఎక్స్-రే చూపించి మరీ చెప్పాడు. ఇదంతా అందం కోసమే పాపం.

అందం కోసమైతే నీకు అవసరం లేదని కావాలంటే రాసిస్తానన్నాడు మా ఆయన. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి మొదటి పొగడ్త.

మే 14

ఆయన స్కూల్ బస్సు డ్రైవర్. నేను కళ్ళజోళ్ళ షాపులో ఫ్రేములకి అద్దాలు బిగిస్తాను. ఇద్దరి జీతాలూ కలిస్తే నెల గడుస్తుంది, అంతే. ఆపరేషన్ ఖర్చు మా ఇద్దరి ఏడాది జీతం కంటే ఎక్కువే.

కొంత బ్యాంకు లోను. కొంత స్కూటర్ అమ్మితే వస్తుంది. ఇవాళ అత్తయ్య తన గాజులు తీసి నా ఒళ్ళో పడేసింది. ఇన్నాళ్ళూ ఈ బరువు అనవసరంగా మోశానని విసుక్కుంది. ఆవిడ ప్రేమ ఎప్పుడూ విసుగు వేషంలోనే వస్తుంది. మిగతాది చీటీలో రావాలి.

జూన్ 2

చీటీ మా వీధి షాపుల వాళ్ళది. స్టేషనరీ షాపు పిన్ని నడుపుతుంది. ఎవరు ఎక్కువ వదులుకుంటామని పాడితే ఆ నెల డబ్బు వాళ్ళది. వదులుకున్నది మిగతావాళ్ళు పంచుకుంటారు. అదే నా తలనొప్పి. ఎక్కువ వదులుకుంటే హాస్పిటల్‌కి చాలదు, వదులుకోకపోతే అసలు రాదు.

భయమంతా టైర్ల బాబాయితోనే. బాబాయి అంటే చుట్టమేం కాదు, మా షాపు ఎదురుగా టైర్ల షాపు ఆయనది. ఎక్కడో సెకండ్ హ్యాండ్‌లో వీల్ అలైన్‌మెంట్ మెషీన్ ఉందట, దాని కోసం మూడు నెలల నుంచి పాడుతున్నాడు. ఆ గొంతు ముందు నేనేం నిలబడతాను?

జూన్ 7, సాయంత్రం 6

ఇది ఇవాళే రాసేయాలి.

పిన్ని తన షాపులోనే పాట మొదలుపెట్టింది. ఎవరూ నోరు మెదపలేదు. నేను వెయ్యి అన్నాను. ఉలుకూ పలుకూ లేదు. బాబాయి తల పైకెత్తి ఫ్యాను వైపు చూస్తున్నాడు. నాకు కంగారు పుట్టింది. ఇంత తక్కువకి ఎవరు వదులుతారు, వీళ్ళేదో పెద్ద పాట పాడబోతున్నారు అనుకుని రెండు వేలు అన్నాను. అప్పుడూ ఎవరూ మాట్లాడలేదు. భయం ఇంకా పెరిగి మూడున్నర అనేశాను.

ఇక ఉండబట్టలేక బాబాయి కసిరాడు. నీ మీద నువ్వే పాడుకుంటున్నావేంటి తల్లీ, నోరు మూసుకుని కూర్చో అని. షాపంతా ఒకటే నవ్వు. పిన్ని అయితే కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది.

అందరూ ముందే మాట్లాడుకున్నారట. నాకు చెబితే మొహమాటపడి అసలు రానంటానని దాచారట. పిన్ని నా పాటలన్నీ కొట్టేసి, పైసా తగ్గించకుండా చీటీ నా పేరున రాసింది. అక్కడే అందరి ముందూ ఏడ్చేశాను. నా కోసం ఇంతమంది ఒక్కసారిగా ఊరుకోవడం నా జన్మలో ఇదే మొదటిసారి.

జూన్ 24

ఆపరేషన్ అయింది. నొప్పి.

జూలై 3

కాలి చుట్టూ రింగులు, కమ్మీలు, స్క్రూలు. ఎముకని కోసి వదిలేశారు. రోజూ స్క్రూలు తిప్పుతూ ఆ ఖాళీని మెల్లగా సాగదీస్తుంటే మధ్యలో కొత్త ఎముక పుడుతుందట. ఈ ఇనుప సామానంతటినీ వీళ్ళు కూడా ఫ్రేమ్ అనే అంటున్నారు.

నర్సు తిప్పడం నేర్పబోతే స్పానర్ లాక్కుని నేనే తిప్పేశాను. పదేళ్ళుగా నేను బతుకుతున్నది ఫ్రేముల స్క్రూల మీదే కదా. మా ఓనర్ చూడ్డానికొచ్చి, మన షాపులో ఇంతకంటే మంచి మోడల్స్ ఉన్నాయి కదమ్మా అన్నాడు. వెళ్ళేటప్పుడు రిపేరు కళ్ళజోళ్ళ డబ్బా మంచం పక్కన పెట్టాడు. కూర్చుని చేయగలిగినంత చెయ్యి, జీతం ఆపనన్నాడు. మనసులో వంద దణ్ణాలు పెట్టాను. పైకి మాత్రం సరే సార్ అన్నాను.

జూలై 19

ఇంటికొచ్చి పది రోజులైంది. ఇవాళ అందర్నీ తిట్టాను. స్క్రూ తిప్పనంటే తిప్పనని మొండికేశాను. అత్తయ్య వచ్చి తిప్పింది. తిప్పుతున్నంతసేపూ నొప్పి తనకే అన్నట్టు మొహం పెట్టింది.

జూలై 30

టైర్ల బాబాయి భార్య వచ్చింది. మాటల్లో మాటగా బయటపడింది. ఈ నెల చీటీ బాబాయే పాడుకున్నాడట, చాలా వదులుకుని. డబ్బు పట్టుకెళ్ళేసరికే ఆ మెషీన్‌ని ఇంకెవరో కొనుక్కుపోయారట.

ఆవిడ వెళ్ళాక నాకు విపరీతంగా కోపం వచ్చింది. ఇంత చేసి చెప్పకపోతే ఎలా? ఈ కాలు ఇప్పుడు నా ఒక్కదానిది కాదు. ఇది కుదరకపోతే ఏ మొహం పెట్టుకుని ఆ వీధిలోకి వెళ్ళాలి?

ఆగస్టు 8

కొత్త ఎముక పుట్టడం లేదు. స్క్రూలు ఆపమన్నారు. మూడు వారాలు చూసి, అప్పటికీ పట్టకపోతే తుంటి దగ్గర ఎముక తీసి అక్కడ పెట్టాలట. అంటే ఇంకో ఆపరేషన్. ఇక మా ఇంట్లో అమ్మడానికి మా ఆయన తప్ప ఏమీ మిగల్లేదు. అదే మాట ఆయనతో అంటే, మంచి రేటొస్తే చూద్దామన్నాడు. ఇద్దరం నవ్వాం. తర్వాత ఆయన బస్సు కడుగుతానని బయటికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఆగస్టు 9

ఎక్స్-రేలో ఆ ఖాళీ నల్లగా ఉంది.

ఆగస్టు 17

బాబాయి వచ్చాడు. దాచుకోలేక కక్కేశాను. అంతా వృథా అయ్యేలా ఉంది, మీ మెషీన్ కూడా నా వల్లే పోయింది అని ఏడ్చాను.

ఆయనకి కోపం వచ్చింది. తను ఊరుకున్నది నా కోసమట, నా కాలి కోసం కాదట. కాలు కుదిరితే సంతోషం, కుదరకపోతే కుంటుకుంటూనే రా, పొద్దున్నే షట్టరు ఎత్తేసరికి ఎదురుగా నువ్వు కనపడాలి, నాకదే లెక్క అన్నాడు. మెషీన్లదేముంది, ముందు నీ అలైన్‌మెంట్ చూసుకో అన్నాడు. అత్తయ్య ఇచ్చిన టీ తాగి, చక్కెర తక్కువైందని చెప్పి మరీ వెళ్ళాడు.

ఆ తర్వాత ఒళ్ళు మరిచి నిద్రపోయాను. ఎన్నాళ్ళైందో అలా పడుకుని.

ఆగస్టు 30

ఇవాళ్టి ఎక్స్-రేలో ఆ నలుపు మధ్య తెల్లగా పొగలాంటిదేదో ఉంది. డాక్టర్ అదే ఎముక అన్నాడు. మా ఆయన ఆ ఫిల్మ్‌ని బస్సు అద్దానికి ఆనించి, పిల్లల్ని ఎక్కించి దించే ఆయాకి కూడా చూపించాడట.

అక్టోబర్ 4

నాలుగున్నర దగ్గర ఆపేశాం. ఇంకా లాగితే ప్రమాదమట. మిగిలిన అర సెంటీమీటరుకి చెప్పులో పల్చటి అట్ట వేసుకుంటే సరిపోతుంది. ఆ మాత్రం తేడా మొగుడూ పెళ్ళాల మధ్య కూడా ఉంటుంది, కాళ్ళకేం వచ్చిందని తేల్చేసింది అత్తయ్య.

మార్చి 9

ఫ్రేమ్ తీసేశారు. కాలు పుల్లలా ఉంది. అయినా ముద్దొచ్చింది.

ఏప్రిల్ 16

నడక మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుంటున్నాను. లేని గుంటలోకి అడుగేస్తున్నట్టు ఒళ్ళు ఇంకా ఎడమ వైపుకే ఒరుగుతోంది. ముప్పై ఏళ్ళ అలవాటు కదా. నేల ముందే తగిలేసరికి ప్రతిసారీ ఉలిక్కిపడుతున్నాను. సంతోషంగానే.

మే 20, ఉదయం 10

చేతికర్ర లేకుండా షాపుకి వచ్చాను. బాబాయి ఒక వ్యాను కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. పక్కన వెళ్ళి నిలబడ్డాను. ఆయనకి నేల మీద సమంగా ఆనిన నా రెండు కాళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. ఎవరండీ, ఏం కావాలండీ అని అడిగాడు.

వెంటనే చెప్పబుద్ధి కాలేదు.