చేపలు చేసుకున్న పుణ్యం

రెజిమెంటల్ బజార్,
జూన్ 10, 2024

ప్రభువునందు ప్రియమైన మేబెల్ టీచర్ గారికి,

సండే స్కూల్ సూపరింటెండెంట్ పేతురు వందనాలతో రాయునది. ఫోన్ చేస్తే మాటల్లో పెట్టి నన్ను ఒప్పించేస్తారు, అందుకే ఉత్తరం. మీ క్లాసులో పెట్టిన ప్రశ్నల డబ్బా తెరిచాను. అడుగున ఒక చీటీ దొరికింది: "జలప్రళయంలో అందరూ మునిగిపోయారు గదా, మరి చేపలు ఏం పుణ్యం చేసుకున్నాయి?"

ప్రశ్నలు మొదలైతే ఇంకెక్కడి విశ్వాసం? ఆ పిల్లాడి పేరు చెప్పండి. చీటీని ఫైల్లో గట్టిగా అంటించాను.

ప్రభు సేవలో,
పేతురు

తా.క. రాత కాకిగీతలు. కాగితం మీద టీ కూడా ఒలకబోసుకున్నాడు. ఇంట్లో పెంపకం అలా ఉంది.

బన్సీలాల్‌పేట్,
జూన్ 13

బాబు పేతురుకు టీచర్ ఆశీస్సులు.

పేరు చెప్పను. అడిగినవాళ్ల పేరు బయటపెట్టనని డబ్బా మీదే రాశాను. ఆ పిల్లాడు ఒక్క ఆదివారం మానలేదు, కంఠత వాక్యాల్లో ఫస్ట్ ప్రైజు వాడిదే.

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని. ఎలా వచ్చిందో చూపించకుండా జవాబొక్కటే రాస్తే, పక్కవాడిది చూసి రాశాడనే అనుకుంటాను. నమ్మకమైనా అంతే. పౌలు అంతటివాడు చెప్పినా బెరయ ఊరివాళ్లు లేఖనాలు తిరగేసి సరిచూసుకున్నారు. వాళ్లను బైబిలే మెచ్చుకుంటే నీకెందుకయ్యా కోపం?

ఇట్లు,
మేబెల్

తా.క. పెంపకం గురించి తొందరపడకు. వాళ్లమ్మ నాకు తెలుసు. చెయ్యి దురుసు.

రెజిమెంటల్ బజార్,
జూన్ 17

టీచర్ గారికి వందనాలు.

మీరు చెప్పకపోతే నేనే ఎంక్వయిరీ చేశాను. సైనిక్‌పురి నుంచి వచ్చే ఇవాన్ మీద అనుమానంతో వాళ్ల నాన్నను నిలదీశాను. "మావోడు ఫోన్ ఇడిసి బైబిల్ తెరిస్తే గదా అన్నా, డౌట్ వచ్చేది!" అన్నాడు. అనుమానితుల లిస్టులోంచి ఇవాన్ పేరు కొట్టేశాను.

కమిటీ నిర్ణయం ఇది: ఆదివారం ఆ పిల్లాడి తల్లి రావాలి. లేదంటే మీ క్లాసు మూసేస్తాం. రాయడానికి నాకే కష్టంగా ఉంది. నాకు మొదటి వాక్యం నేర్పింది మీరే.

పేతురు

తా.క. చేపలు ఎలాగూ నీళ్లలోనే ఉన్నాయి గనుక వాటికది మామూలు వానే అని మా ఆవిడ క్యారల్‌కు వివరించాను. "మరి ఉప్పునీటి చేపల సంగతో?" అంది. అప్పట్నుంచి అన్నం సహించడం లేదు.

బన్సీలాల్‌పేట్,
జూన్ 20

బాబు పేతురూ,

క్లాసు పోతుందంటే భయమేసింది, దాచను. ఆ పిల్లలు లేకపోతే నాకు ఆదివారమే లేదు. అందుకని పేరు చెప్పేస్తున్నాను. అడిగినవాడికే చెప్తే మాట తప్పినట్టు కాదులే.

ఫైల్లోని చీటీని తడిపి ఊడదీసి వెనక చూడు. "పేతురు, నాలుగో తరగతి, 1984" అని ఉంటుంది. అది టీ మరక కాదు. నలభై ఏళ్లు నా ట్రంకుపెట్టెలో ఉండి కాగితం అలా అయింది.

ఆ రోజు "తెలుసుకుని చెప్తా నాన్నా" అన్నాను. ఎందరినో అడిగాను, ఎవరి జవాబూ నాకు నచ్చలేదు. ఈ పిల్లల్లో ఎవరికైనా తడుతుందేమోనని డబ్బాలో వేశాను. ప్రశ్న అడిగితే విశ్వాసం పోతుందంటావు. నీకేం పోయింది? సూపరింటెండెంటువై నాకే నోటీసులు రాస్తున్నావు!

ఇంత ఆలస్యమైనందుకు క్షమించు.

నీ టీచర్,
మేబెల్

తా.క. కమిటీ మాట ప్రకారం తల్లికి ఫోన్ చేశాను. పెంపకం గురించి నువ్వు రాసిన ముక్క చదివి వినిపించాను. మీ అమ్మ విజయమ్మ ఆదివారం తొమ్మిదిన్నరకల్లా వస్తానంది. బెత్తం తేనా అని అడిగింది. వద్దు, చేపల పులుసు తెమ్మన్నాను.