ఒక్క కాలి గీత

అమ్మాయికి, ఇక్కడ నేను బాగానే ఉన్నాను. బుడ్డోడి బూట్లకని కాగితం మీద వాడి కాలు గీసి పంపావు, అందింది. ఆ కొలతకు చెక్క అచ్చు కోసం మా చెప్పుల కొట్టు అటకంతా వెతికితే ఒక్కటే దొరికింది, ఎడమ కాలిది. కాగితం ఆనించి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. అచ్చు నిండా మేకుల తూట్లు.

మేస్త్రి చూసి, "అది పైన పెట్టెయ్ పెద్దాయనా. పోలియో వచ్చిన పిల్లది. పిల్ల పెరిగింది గానీ ఆ కాలు పెరగలేదు. పదేళ్లూ ఇనపకడ్డీల బూటు దాని మీదే కుట్టాను" అన్నాడు.

పెట్టేశాను. కాని నువ్వు పంపిందీ ఎడమ కాలే. ఆ కాగితం బోర్లా తిప్పి పెట్టాను.

జ్వరమొస్తుందని వాడికి టీకాలు ఆపావని మీ అమ్మ రాయించింది. ఆ జ్వరం రెండ్రోజులుండి పోతుంది తల్లీ. ఈ కార్డు అందగానే చుక్కలూ సూదులూ వేయించు. మీ వంటింటి గొళ్లెం వదులైందట, అల్లుడిగారిని బిగించమను. టీకాలయ్యాక రెండు కాళ్లూ గీసి పంపు. అందాకా తోలు కొయ్యను.

వాడు ఇల్లంతా పరిగెత్తి నిన్ను విసిగించాలని దీవిస్తూ,
నాన్న.