నువ్వు తిరిగిన వీధులు

అక్కా,

అమెరికాలో మీ ఊరి మేయర్ పదవికి బావ నిలబడ్డాడు కదా, ఆ ఓట్లు ఇవాళ లెక్కించారు. అక్కడ సాయంత్రం, ఇక్కడ నేనూ అమ్మా ఉండే బిషాన్‌లో తెల్లారింది. ఆఫీసుకి సెలవు పెట్టి, ఫోన్ ముందేసుకుని వంటింట్లో కూర్చున్నాను. అమ్మ దోసెలు పోస్తూ మళ్లీ అదే అడిగింది.

"మన గుర్తేంటే?"

"ఆ ఊరి ఎన్నికలో పార్టీల్లేవు, గుర్తుల్లేవు. కాగితం మీద పేరొక్కటే ఉంటుందమ్మా."

"గుర్తు లేకుండా ఎవడేస్తాడే, పిచ్చిదానా!"

అందుకే కదా, ఓపికున్నన్నాళ్లూ నువ్వు గడపగడపకీ వెళ్లి వాళ్లచేత 'వెంకటేశ్వర్లు' అని పలికించావు. పేరు 'వెంకీ'గా కుదిద్దామన్నా ఒప్పుకోలేదు. నువ్వు పోయాక తప్పుకుంటానన్న బావని పట్టుబట్టి ఆపింది నేనే. ఆధిక్యం అటూ ఇటూ మారుతుంటే లెక్కల పేజీని మళ్లీ మళ్లీ తెరిచి చూశాను.

చివరికి బావే ఫోన్ చేశాడు.

"ఓడిపోయాం, చిన్నీ. మీ అక్క తిరిగిన వీధుల్లో మాత్రం మనమే గెలిచాం."

అమ్మకి చెప్పాను. పెనం మీద దోసె మాడుతున్నా తను కదల్లేదు.

"మరి మిగతా వీధులకి ఎవరెళ్లారే?"

"ఎవరూ వెళ్లలేదమ్మా," అన్నాను.