నాకు వినపడని కూత

తార్నాక,
శనివారం.

ప్రియమైన అక్కకు,

ప్రభువు పేరట వందనాలు. నువ్వూ, బావగారూ, పిల్లలూ, పక్కింట్లో అమ్మానాన్నలూ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను. నువ్వు పంపిన ఎండు రొయ్యల పొడి మూడు రోజుల్లో అయిపోయింది. సగానికి పైగా మా రూమ్మేటు యాదగిరే లాగించాడు. భువనగిరి వైపు రైతుబిడ్డ. మొదటిరోజు "గిదేం కంపు రా నాయన" అని ముక్కు మూసుకున్న మహానుభావుడు. ఎవరైనా ఇటు వస్తుంటే మరికాస్త పంపు.

ఎండలు ముదిరాయి. హాస్టల్లో పొద్దున ఒక గంట నీళ్ళు వస్తాయి. మెస్సులో పప్పు సంగతి రాయను, నువ్వు బాధపడతావు. సాయంత్రాలు తార్నాక సెంటరు దాకా నడిచి, టీ తాగి వస్తాను. చుట్టూ అందరూ మాట్లాడుకుంటూ ఉంటారు. అంత జనంలో ఒంటరిగా నిలబడితే ఏడుపొస్తుంది. అయినా బాగానే ఉన్నాను, కంగారు పడకు.

అసలు సంగతికి వస్తాను. మా సౌండు రికార్డింగు కోర్సులో నాకూ, యాదగిరికీ, మా క్లాసు సునీతకూ కలిపి ఒక ప్రాజెక్టు ఇచ్చారు. మాటలూ పాటలూ లేకుండా, కళ్ళు మూసుకుని వింటే మనసు నిమ్మళించేలా ఇరవై నిమిషాల క్యాసెట్టు తయారు చెయ్యాలి. నెల రోజులు టేప్ రికార్డరు భుజాన వేసుకుని తిరిగాం. తెల్లారాక క్యాంపస్ చెట్ల కింద ఎండుటాకుల మీద యాదగిరిని నడిపించాం. వారాసిగూడ సందులో ఒక ముసలి దర్జీ కుట్టు మిషను తొక్కుతుంటే అరగంట రికార్డు చేశాం. సునీత వాళ్ళింట్లో మట్టికుండలోకి నీళ్ళు పోయించాం. అవన్నీ ఒకదానిలో ఒకటి కలిపే పని నాది. పాటలున్న ఇంట్లో పుట్టావు, నీ చెవి మంచిదని సునీతే తేల్చేసింది. నేనూ పొంగిపోయాను. రామంతాపూర్ టీవీ కేంద్రంలో సౌండు పని దొరుకుతుందేమో, ఈ క్యాసెట్టు చూపించి అడుగుదామని నా ఆశ. అందుకే చివరి రెండు రోజులూ ఎవరినీ రానివ్వకుండా ఒక్కడినే కూర్చుని కలిపాను.

పోయిన మంగళవారం క్లాసులో వినిపించాం. కిటికీలు వేసి అందరూ కళ్ళు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. ముందు ఆకులు, తర్వాత మిషను, దాని కిందుగా నీళ్ళు. నిజం చెప్తున్నానక్కా, హైదరాబాదు వచ్చాక నా మనసు కుదుటపడింది ఆ కాసేపే. ఇంతలో ఎవరో భుజం పట్టి కుదిపారు. కళ్ళు తెరిచేసరికి క్లాసంతా చెవులు మూసుకుని ఉంది.

"ఆపు రా, ఏంది గా కూత? చెవులు పగులుతున్నయ్," అన్నాడు యాదగిరి.

"ఏ కూత?" అన్నాను.

కలిపేటప్పుడు నేను మైకు ఆపడం మర్చిపోయానట. స్పీకరు శబ్దం మళ్ళీ మైకులోకి పోయి, సన్నటి కూత ఒకటి సగం టేపు దాకా పట్టిందట. అట అని ఎందుకంటున్నానంటే, నాలుగుసార్లు వేసి వినిపించినా నాకు కుట్టు మిషనే వినపడింది. వేళాకోళమనుకుని సారు కోప్పడ్డారు. పాపం, సునీత మార్కులు కూడా పోయాయి. యాదగిరి మాత్రం నా మొహం చూసి, నాకు నిజంగానే వినపడలేదని కనిపెట్టాడు. మర్నాడు పొద్దున్నే "నడువ్, దవాఖానకు పోదాం. నేనొస్త," అని బయల్దేరదీశాడు.

డాక్టరుగారు చెవులకేదో తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. నా చెయ్యి చాలాసేపు ఒళ్ళోనే ఉండిపోయింది. నరం దెబ్బతిందట. ముందు సన్న శబ్దాలు పోతాయి, తర్వాత మెల్లగా మిగతావీ పోతాయి. మందు లేదు, ఆపరేషనూ లేదు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగారు. మా నాన్నకుందన్నాను. ఆయన తలూపి రాసుకున్నారు. నీ పిల్లల్ని కూడా ఒకసారి చూపించు, అశ్రద్ధ చెయ్యకు.

ఇక టీవీ కేంద్రం మాట మర్చిపోవాల్సిందే. కోర్సు మారే వీల్లేదు. ఏం చెయ్యాలో తోచడం లేదక్కా. ప్రార్థనకు కూర్చుంటే నాన్నే గుర్తొస్తున్నాడు.

ఇంకొకటి చెప్పాలి. మన చర్చిలో ఒకప్పుడు పాట ఎత్తుకునేది నాన్నే కదా. కొన్నేళ్ళ కిందట ఈస్టరు రోజు అందరూ పాట ముగించి కూర్చున్నా ఆయనొక్కడే కళ్ళు మూసుకుని ఇంకో చరణం పాడుతూ ఉండిపోయాడు. పిల్లలు నవ్వారు. నేను తలొంచుకున్నాను. ఆ తర్వాతి ఆదివారం నుంచి పాట ఎత్తుకోవద్దని పాస్టరుగారు అన్నారు. అప్పట్నుంచి నాన్న ఆయనతో మాట్లాడడు, మనింట్లో ఎవరినీ మాట్లాడనివ్వడు. పాస్టరుగారి తప్పేం లేదక్కా. పరువు పోతోంది, మా నాన్నను ఆపించండని వాళ్ళింటికెళ్ళి అడిగింది నేనే. నా పేరు బయటికి రానివ్వొద్దని కూడా అడిగాను. ఆయన ఇన్నేళ్ళూ మాట నిలబెట్టుకున్నారు.

బావగారికి, అమ్మకు, చర్చి పెద్దలకు నా వందనాలు. పిల్లలకు ముద్దులు. మీ ప్రార్థనల్లో నన్ను మరవకండి. ఈ ఉత్తరం నాన్నకు నువ్వు చదివి వినిపించకు. నువ్వెంత అరిచి చదివినా వీధంతా వింటుంది గానీ ఆయనకు సగమే అందుతుంది. చేతికివ్వు, ఆయనే చదువుకుంటాడు.

నీ తమ్ముడు,
సామ్యూలు