సుగుణమణి ఇంట్లోనే ఉన్నది

గోదావరిఖని,
12 జూలై 1973

సబ్ ఇన్‌స్పెక్టర్ గారికి నమస్కారం.

నా మనవరాలు సుగుణమణి పాస్‌పోర్టు విచారణకు పోయిన మంగళవారం మీ జవాను మా క్వార్టరుకు వచ్చిండు. "ఆ పిల్ల ఇక్కడ ఉంటలేదు, ఎటు పోయిందో తెల్వది" అని చెప్పింది నేనే. అప్పుడది వెనక వసారాలో, రష్యాకు తీసుకపోయే పెట్టె మీద రంగుతో తన పేరు రాసుకుంటున్నది. మీ జవాను మంచోడు, నా కండ్లద్దాలు చూసి నమ్మిండు.

అబద్ధమాడొద్దని ముప్పై ఏండ్లు బడిపిల్లలను బెత్తంతో కొట్టిన మనిషిని. ఆ బెత్తం ఇంకా ఇంట్లనే ఉన్నది, నాకే దాని దిక్కు చూడబుద్ధయితలేదు.

అక్కడ డాక్టరు చదువు ఆరేండ్లట. నాకు డెబ్బయ్యొకటి. ఆ కూడిక నాకు నచ్చలేదు.

నెలాఖరులోపల పాస్‌పోర్టు రాకుంటే దాని సీటు పోతది. "ఇంత ఆలస్యమెందుకు అమ్మమ్మా?" అని రోజూ నన్నే అడుగుతది. సర్కారు పని గట్లనే ఉంటదని తప్పు మీమీదికి తోసిన. అందుకు కూడా క్షమించాలె.

జవానును మళ్లీ పంపండి. ఆదివారం పొద్దున పంపితే మేలు. పిల్లను ఇంటికాడ ఉంచి నేను చర్చికి పోత. నేనుంటే మళ్లీ ఏం చెప్తనో నాకే నమ్మకం లేదు.

ఇట్లు,
సుగుణమణి అమ్మమ్మ